పంపు మార్చినా పెరగని వేగం: ఒక ట్రాక్టర్ ట్రాలీ జాకీ కేసు

ఈ కేసు రెండు వేసవుల కిందటిది. ఓనర్ సరేనన్నాకే రాస్తున్నాను. ఊరి పేరు, బండి కంపెనీ, నాకంటే ముందు పని చేసిన మెకానిక్‌ల వివరాలు కావాలనే వదిలేశాను. ఇందులో నా పొరపాటు కూడా ఒకటుంది. దాన్ని మాత్రం వదలకుండా రాశాను, ఎందుకంటే ఈ కేసులో నేను ఎక్కువ నేర్చుకున్నది అక్కడే.

నేపథ్యం

ఉత్తర తెలంగాణలో ఒక మండల కేంద్రంలో నాకు హైడ్రాలిక్ రిపేరు షాపు ఉంది. ఏడాది పొడుగునా ట్రాక్టర్ లిఫ్టులు, జేసీబీ సిలిండర్లు, పవర్ స్టీరింగులు వస్తుంటాయి. వేసవిలో మాత్రం ట్రాలీ జాకీలే ఎక్కువ. మార్చి ఆఖరుకు చెరువుల్లో నీళ్లు అడుగంటుతాయి, పూడిక మట్టి తోలకం మొదలవుతుంది. మిషన్ కాకతీయ మొదలైన 2015 నుంచి మా వైపు రైతులు చెరువు మట్టిని చెలకల్లో పోయించుకోవడం బాగా పెరిగింది. తొలకరి పడేలోపు తోలుకున్నంతే. అందుకే ఆ రెండు రెండున్నర నెలలు ట్రాక్టర్ ఓనర్‌కు ప్రతి ట్రిప్పూ లెక్కే.

ఈ బండి 45 హెచ్‌పీ తరగతి ట్రాక్టర్. వెనక ఐదు టన్నుల హైడ్రాలిక్ ట్రాలీ, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. తొట్టి కింద మూడు మడతల జాకీ ఒకటి. అంటే ఒకదాంట్లోంచి ఒకటి బయటికొచ్చే మూడు గొట్టాలు. ఆయిల్ పంపు కొట్టేది ఎత్తడానికే. దిగేటప్పుడు తొట్టి బరువే ఆయిల్‌ను వెనక్కి తోస్తుంది. ట్రాక్టర్ లిఫ్టుకు, గేర్లకు, ఈ జాకీకి ఆయిల్ ఒకటే. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

వచ్చిన సమస్య

ఓనర్ మాట సూటిగా ఉంది. "అన్నా, డబ్బా లేవనీకి నిమిషం పడ్తుంది. పక్కోళ్ల బండ్లు ఇరవై సెకండ్లల్ల లేస్తయి. ఇంకో షిమ్ ఏసి ప్రెషర్ పెంచు."

షిమ్ అంటే స్ప్రింగు బిగువు పెంచడానికి దాని వెనక పెట్టే పల్చటి రేకు. 'ఇంకో షిమ్' అనగానే కథ ముందే చాలా నడిచిందని అర్థమైంది. అడిగితే ఒక్కొక్కటే చెప్పాడు. ముందు ఆయిల్ మార్చారు, ఫిల్టర్ మార్చారు, తేడా రాలేదు. తర్వాత పంపు అరిగిందని కొత్త పంపు వేయించారు. దానికి బాగానే ఖర్చయింది, సీజన్ మధ్యలో రెండు రోజులు బండి ఆగింది. అయినా తేడా లేదు. ఆఖరికి ఒకతను రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ హద్దు దాటితే ఆయిల్‌ను వెనక్కి వదిలేసే వాల్వ్) స్ప్రింగు వెనక షిమ్ వేసి ప్రెషర్ పెంచాడు. అప్పుడు తేడా కనిపించింది. 62 సెకన్లు పట్టేది 52కు తగ్గింది. ఓనర్‌కు నమ్మకం కుదిరింది అక్కడే: ఒక షిమ్‌కు పది సెకన్లు తగ్గితే, ఇంకో రెండు వేస్తే ముప్పైకి వస్తుంది కదా అని.

ఆ లెక్క అతనికి సహజంగానే తోచింది. డబ్బు పోసి పంపు మార్చినా కదలని ముల్లు ఒక చిన్న రేకు ముక్కకు కదిలింది మరి. కానీ షిమ్ వేసిన నెలలోనే ట్రాక్టర్‌కు హోస్ తగిలించే కప్లింగ్ సీలు ఒకసారి పోయింది, ఒక హోస్ పైపు ఉబ్బితే మార్చారు. ట్రాలీ కిందికి వంగి చూస్తే జాకీ బ్రాకెట్ వెల్డింగు పక్కన వెంట్రుకంత పగులు కనిపించింది. అది ఓనర్ చూడలేదు. నేను చూపించాను.

బండి తీసుకున్నాక మొదటి నిర్ణయం: ఏదీ విప్పకూడదు, ముందు కొలవాలి. మూడు పార్టులు మార్చినా సమస్య పోలేదంటే, ఆ మార్చినవాళ్లలో ఎవరూ కొలవలేదని నాకు అనిపించింది.

కాగితం మీద లెక్క

జాకీ ఎంత ఆయిల్ తాగుతుందో ముందు తేల్చుకున్నాను. గొట్టాల బయటి వ్యాసాలు 110, 90, 70 మి.మీ. ఒక్కోటి 40 సెంటీమీటర్లు బయటికొస్తుంది. వ్యాసాన్ని సెంటీమీటర్లలో తీసుకుని దాన్ని దాంతోనే గుణించాలి, వచ్చినదాన్ని 0.785తో గుణించాలి, మళ్లీ పొడవుతో గుణించాలి. వెయ్యితో భాగిస్తే లీటర్లు వస్తాయి. పెద్దదానికి 3.8, నడిమిదానికి 2.5, చిన్నదానికి 1.5. మొత్తం దాదాపు 7.9 లీటర్లు.

పంపు 2000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 30 లీటర్లు ఇచ్చేది. 1500 దగ్గర 22 లీటర్ల పైచిలుకు వస్తుంది. 7.9 లీటర్లు నింపడానికి 21 సెకన్లు చాలాలి. 52 పడుతోందంటే జాకీకి నిమిషానికి 9 లీటర్లే చేరుతున్నాయి. మిగతా 13 లీటర్లు ఎటు పోతున్నాయి? ఈ కేసు మొత్తం ఈ ఒక్క ప్రశ్నే.

జాకీ వేగం లీటర్లను బట్టి ఉంటుంది. ప్రెషర్ ఎంత బరువు ఎత్తగలదో చెబుతుంది, ఎంత త్వరగా ఎత్తుతుందో చెప్పదు. ఈ సంగతి మా పనిలో ఉన్న అందరికీ తెలుసు. కానీ షిమ్ వేస్తే పది సెకన్లు తగ్గాయే, అదెలా? దానికి జవాబు దొరికితే గానీ షిమ్ తీయనని నిర్ణయించుకున్నాను. జవాబు లేకుండా తీసేస్తే ఓనర్‌కు నచ్చచెప్పలేను, నాకూ సమాధానం ఉండదు.

కొలతలు

ట్రాక్టర్ వెనక కప్లింగ్ దగ్గర హోస్ విడదీసి, గుర్తులు గీసిన పది లీటర్ల క్యాన్‌లోకి ఆయిల్ వదిలాను. 1500 దగ్గర 27 సెకన్లకు నిండింది, అంటే నిమిషానికి 22 లీటర్లు. పంపు దోషి కాదని అప్పుడే అనలేం. ఎదురు ప్రెషర్ లేనప్పుడు అరిగిన పంపు కూడా బాగానే పోస్తుంది, ఒత్తిడి పడినప్పుడే లోపల్లోపల జారుతుంది.

ఖాళీ తొట్టి 39 సెకన్లకు లేస్తోంది, లోడుతో 52. అంతకుముందు వాళ్లు పంపు మీద అనుమానపడటానికి ఇదే కారణం. లోడు పడితే నిదానిస్తోంది కాబట్టి పంపు అరిగిందన్నారు. నేను కూడా చాలా బండ్లకు అలాగే చెప్పి ఉంటాను.

తర్వాత చేసిన పరీక్షకు పనిముట్టు ఏమీ అక్కర్లేదు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. అదే లోడుతో మూడుసార్లు ఎత్తించాను. 1000 ఆర్‌పీఎం దగ్గర 52 సెకన్లు, 1500 దగ్గర 52, 1800 దగ్గర 51.

దీని దగ్గర కొంచెం ఆగి ఆలోచించండి. పంపు అరిగి ఉంటే రేజ్ పెంచినప్పుడు ఆయిల్ పెరగాలి, టైం తగ్గాలి. దాదాపు రెండింతలు రేజ్ ఇచ్చినా ఒక్క సెకనే తేడా వచ్చిందంటే, పంపు ఎంత ఇచ్చినా దారిలో ఎక్కడో ఒక ఇరుకు సందు తన లెక్క ప్రకారమే వదులుతోంది. మిగిలిందంతా రిలీఫ్ వాల్వ్ మీదుగా వెనక్కి పోతోంది. డ్రైవర్ ఆ మాట ముందే తనకు తెలిసిన తీరులో చెప్పాడు: "లేపినంతసేపు కీసుమని ఒర్లుతదన్నా." అది రిలీఫ్ వాల్వ్ చప్పుడు. ఓవర్‌లోడ్ అనుకుని అందరూ వదిలేశారు. ఖాళీ తొట్టికి కూడా అదే చప్పుడు వస్తోందని ఎవరూ గమనించలేదు.

ఇక గేజ్. నా దగ్గర ఉన్నది ఒక్కటే, చదరపు సెంటీమీటరుకు కేజీల్లో 250 వరకు చూపిస్తుంది. ముందు ట్రాక్టర్ కప్లింగ్ దగ్గర పెట్టాను. ఖాళీ తొట్టి ఎత్తుతుంటే ముల్లు నేరుగా 200కి పోయి నిలబడింది. తొట్టి దించి, ప్రెషర్ సున్నా అయ్యాక, అదే గేజ్‌ను జాకీ మూతి దగ్గరికి మార్చాను. ఇక్కడ 25. రెంటి మధ్య పది అడుగుల హోస్, ఒక చిన్న వాల్వ్ తప్ప ఇంకేం లేవు. 175 కేజీలు ఆ మధ్యలోనే పోతున్నాయి.

హోసా, వాల్వా? గేజ్‌ను వాల్వ్‌కు ముందు పెట్టి చూస్తే దాదాపు 200 చూపించింది. అంటే హోస్ బాగుంది. 'అర అంగుళం హోస్ వేద్దాం' అని ఓనర్ తమ్ముడు అంటున్నాడు. అక్కర్లేదన్నాను. ఇప్పుడున్న మూడు సూత్ర (3/8 అంగుళం) హోస్‌లో 22 లీటర్లు హాయిగా పోతాయి, పెద్ద హోస్ వేసినా సెకను కూడా తగ్గేది కాదు.

ఒక జాగ్రత్త. గేజ్ మార్చిన ప్రతిసారీ తొట్టిని పూర్తిగా దించాకే నట్టు విప్పాను. తొట్టి లేచి ఉండగా కింద చెయ్యి పెట్టాల్సి వస్తే ఇనుప స్టాండు ఆనించి గానీ పెట్టను. లీకేజీ ఎక్కడుందో వేలితో తడిమి చూడటం మన షాపుల్లో చాలామందికి అలవాటు. ఆ ప్రెషర్‌లో సూదిలా వచ్చే ఆయిల్ చర్మంలోకి దూరితే పైకి చుక్కంత గాయమే కనిపిస్తుంది గానీ వేలు తీసేయాల్సి రావచ్చు. అట్టముక్క పెట్టి చూడండి.

వాల్వ్ లోపల

అది జాకీ దిగుడును నెమ్మది చేయడానికి పెట్టే వాల్వ్. మేం చెక్ వాల్వ్ అనే అంటాం. లోపల ఒక చిన్న బిళ్ల, బిళ్ల నడుమ సన్నని రంధ్రం. ఎత్తేటప్పుడు ఆయిల్ బిళ్లను తోసుకుని చుట్టూ ధారాళంగా పోవాలి. దిగేటప్పుడు బిళ్ల వెనక్కి వచ్చి కూర్చుంటుంది, ఆయిల్ రంధ్రంలోంచే పోవాలి. హోస్ పగిలినా తొట్టి దబ్బున పడకుండా ఆపేది ఆ రంధ్రమే. వాల్వ్ మీద బాణం గుర్తు ఉంటుంది.

ఈ బండిలో బాణం ట్రాక్టర్ వైపు ఉంది. వాల్వ్ తిరగబడి ఉంది. ఆయిల్ ఎత్తేటప్పుడు రంధ్రంలోంచి దూరి వెళ్తోంది, దిగేటప్పుడు ధారాళంగా వస్తోంది. ఖాళీ తొట్టి ఎనిమిది సెకన్లలో ధడేలుమని దిగేది, దాన్ని ఓనర్ బండి గొప్పగా చెప్పుకున్నాడు. ఇంకో గుర్తు కూడా కళ్లెదుటే ఉంది. వాల్వ్‌కు రెండు వైపులా అవసరం లేని అడాప్టర్లు రెండు తగిలించి, జాకీకి అడుగు దూరంలో ముక్క హోస్ మీద వేలాడదీశారు. వాల్వ్ సరైన దిక్కున ఉంటే ఆ అడాప్టర్లతో పనే లేదు.

రంధ్రం కొలిచాను. డ్రిల్ బిట్లు ఒక్కొక్కటే దూర్చి చూస్తే 1.4 మి.మీ. బిట్ బిగువుగా దూరింది.

షిమ్ చిక్కుముడి కూడా ఇక్కడే వీడింది. సన్నని రంధ్రంలోంచి పోయే ఆయిల్ రెండు పక్కల ప్రెషర్ తేడాకు వర్గమూలం లెక్కన పెరుగుతుంది. తేడా నాలుగింతలు చేస్తే ఆయిల్ రెండింతలే అవుతుంది. లోడుతో ఎత్తేటప్పుడు జాకీ దగ్గర సగటున సుమారు 100 కేజీలు ఉంది. షిమ్ వేయకముందు రిలీఫ్ 170. తేడా 70. షిమ్ వేశాక 200, తేడా 100. నూటిని డెబ్బైతో భాగించి వర్గమూలం తీస్తే 1.2. 62ను 1.2తో భాగిస్తే 52 సెకన్లు. ఓనర్ చూసిన పది సెకన్లు సరిగ్గా అవే. అదే దారిలో 24 సెకన్లకు రావాలంటే రిలీఫ్‌ను 570 కేజీల దాకా పెంచాలి. అంతకు చాలా ముందే హోసో, పంపో, బ్రాకెట్టో పోతుంది.

ఖాళీ తొట్టి ఎందుకు త్వరగా లేచిందో కూడా ఇదే చెబుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు జాకీ దగ్గర 25 కేజీలే కాబట్టి తేడా 175. ఇరుకు సందు ఉన్న బండి కూడా, అరిగిన పంపు ఉన్న బండిలాగే, లోడు పడితే నిదానిస్తుంది. రెంటినీ విడదీసేది రేజ్ పరీక్ష.

డ్రైవర్ 1800 రేజ్ ఇచ్చినప్పుడు పంపు 27 లీటర్లు పోస్తుంటే, 18 లీటర్లు 200 కేజీల దగ్గర రిలీఫ్ మీదుగా ఊరికే పోతున్నాయి. లెక్కేస్తే దాదాపు 6 కిలోవాట్ల వేడి, ఇళ్లల్లో పెట్టే గీజర్లు మూడు ఒకేసారి ఆన్ చేసినంత. అదంతా గేరుబాక్సు ఆయిల్‌లోకే. మే నెల ఎండలో రోజుకు నలభై ట్రిప్పులు తిరిగే బండి సీళ్లు ఎందుకు పోతున్నాయో ఇక వేరే వెతకక్కర్లేదు.

నేను చేసిన పొరపాటు

వాల్వ్‌ను సరైన దిక్కుకు తిప్పి పెట్టాను. 1500 ఆర్‌పీఎం దగ్గర లోడుతో 24 సెకన్లలో లేచింది, ఖాళీగా 22. కీసుమనే చప్పుడు పోయింది. షిమ్ తీసి రిలీఫ్‌ను మళ్లీ 170కి తెచ్చాను. అయినా 24 సెకన్లే. ఓనర్ ముందే గేజ్ పెట్టి చూపించాను, లోడు ఎత్తేటప్పుడు ముల్లు 125 దాటలేదు. అతని ముఖం వెలిగింది. నాకూ సంతోషమే.

దిగేటప్పుడు చాలా నిదానంగా దిగుతోందని చూశాను. 'నెమ్మదిగా దిగడమే మంచిది, దానికోసమేగా ఈ వాల్వ్' అనుకుని ఊరుకున్నాను. టైం తీసుకోలేదు. ఎత్తడం మీద అన్ని కొలతలు పెట్టినవాణ్ని, దించడం మీద ఒక్కటీ పెట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఓనర్ ఫోన్. "లేసుడు మంచిగైందన్నా. కనీ దిగుడే అయితలేదు. మునుపటి కంటే లేటైతుంది." వెంటనే చెలక దగ్గరికి వెళ్లాను. స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే ఖాళీ తొట్టి దిగడానికి ఒక నిమిషం 40 సెకన్లు పట్టింది. తిప్పకముందు ఎత్తడం, దించడం కలిపి ఒక నిమిషం, ఇప్పుడు రెండు నిమిషాల పైన. నేను బాగుచేశానని పంపిన బండి ట్రిప్పుకు ఒక నిమిషం ఎక్కువ తింటోంది.

అంతకంటే పెద్ద విషయం, డ్రైవర్ తొట్టి దిగేదాకా ఆగడం లేదు. సగం లేచిన తొట్టితోనే బండి కదిలిస్తున్నాడు. చెలక గట్టు వెంట 11 కేవీ కరెంటు తీగలు పోతున్నాయి. గట్టు ఎక్కేటప్పుడు ట్రాలీ పక్కకు ఒరిగినా, పైన తీగ తగిలినా, ప్రాణం పోయేది ఆ పిల్లవాడిదే. నా రిపేరు వల్లే అతను ఆ అలవాటులో పడ్డాడు. ఆ మధ్యాహ్నం అక్కడ నిలబడినప్పుడు ఒళ్లు జలదరించింది. బండి అక్కడే ఆపించాను.

డ్రైవర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. "తమ్మీ, ఆ వాల్వ్ ఎవరు తిప్పి పెట్టిండ్రు?"

"నేనే పెట్టిచ్చిన్నన్నా. పోయినేడాది హోస్ పలిగినప్పుడు పాత వాల్వ్ మరలు పోయినయని కొత్తది ఏసిండ్రు. సక్కగనే పెట్టిండ్రు. కనీ డబ్బా దిగనీకి మస్తు టైం తీస్కునేది. గందుకే తిప్పి పెట్టుమన్న."

మొత్తం కథ ఆ మూడు మాటల్లో ఉంది. కొత్తగా వేసిన వాల్వ్ రంధ్రం ఈ జాకీకి మరీ సన్నం. దిగుడు ఆలస్యమైతే తిప్పించారు. దిగుడు బాగుపడింది, ఎత్తుడు చెడింది. అప్పటికి సీజన్ అయిపోయింది కాబట్టి ఎవరికీ తెలియలేదు. మరుసటి వేసవికి అది కొత్త జబ్బులా కనబడి పంపు, ఆయిల్, షిమ్ అన్నీ చుట్టబెట్టుకుంది. నేను వాల్వ్ తిప్పి, వాళ్లను ఏడాది కిందటి సమస్య దగ్గరికే తీసుకెళ్లాను.

తిరగబడిన వాల్వ్ చూడగానే అది చేతగానితనం అనుకున్నాను. దాని వెనక ఒక కారణం ఉండొచ్చని తోచలేదు. ఆ రెండు అడాప్టర్లు వెతికి, కొని, అమర్చారంటే ఎవరో పని కట్టుకుని చేశారనే కదా. ఆ ప్రశ్న అప్పుడే డ్రైవర్‌ను అడిగి ఉంటే ఆ రోజు మధ్యాహ్నం తీగల కింద సగం లేచిన తొట్టి తిరిగేది కాదు. షాపులో నేను మాట్లాడిందంతా ఓనర్‌తోనే. బండితో రోజుకు పది గంటలు ఉండే మనిషి పక్కనే నిలబడి ఉన్నాడు.

పనిచేసిన పరిష్కారం

వాల్వ్ తీసేద్దామని ఓనర్ అడిగాడు. "అది లేకుంటే లేసుడు, దిగుడు రెండూ ఫాస్టే గదా." నిజమే, రెండూ వేగమవుతాయి. కానీ చెరువు మట్టి జిగట మట్టి. తడిగా ఉంటే తొట్టి మూలల్లో అతుక్కుంటుంది, ఎత్తిన తొట్టి వెనక నిలబడి పారతో గీకి దించే మనిషి ఒకడు ఉంటాడు. ఆ సమయంలో హోస్ పగిలితే వాల్వ్ లేని జాకీ అతనికి తప్పుకునే వ్యవధి ఇవ్వదు. వాల్వ్ తీసే పని అయితే నేను చేయనని గట్టిగా చెప్పాను.

తిప్పి సర్దుకునే నాబ్ ఉన్న వాల్వ్ వేయొచ్చు. అదీ వద్దనుకున్నాను. నాబ్ ఉంటే తొందర ఉన్న రోజున ఎవరో ఒకరు పూర్తిగా తెరుస్తారు, మళ్లీ బిగించరు. స్థిరమైన రంధ్రమే ఉండాలి, సరైన సైజులో ఉండాలి.

సరైన సైజు ఎంత? రంధ్రం వైశాల్యం ఎన్ని రెట్లయితే దిగే టైం అన్ని రెట్లు తగ్గుతుంది. వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 1.4తో 100 సెకన్లు. 2 మి.మీ. చేస్తే 49 అవ్వాలి, 2.5 చేస్తే 31, 3 చేస్తే 22. ఓనర్ 3 కోరాడు. నేను ఇంకో పక్క నుంచి చూశాను: హోస్ పగిలితే లోడు తొట్టి ఎంతసేపట్లో పడుతుంది? లోడున్నప్పుడు జాకీ ప్రెషర్ ఎక్కువలో ఎక్కువ 125, ఖాళీకంటే ఐదింతలు. ఐదుకు వర్గమూలం 2.2. కాబట్టి 2.5 మి.మీ. రంధ్రంతో పూర్తిగా లేచిన లోడు తొట్టి దాదాపు 14 సెకన్లలో దిగుతుంది, 3తో పదిలో. బురదలో కాళ్లు కూరుకుని పార పట్టుకున్న మనిషికి ఆ నాలుగు సెకన్లు చిన్నవి కావు. 2.5 దగ్గర ఆగాను.

మా పట్టణంలో ఆ సైజు బిళ్ల దొరకలేదు. ఉన్న బిళ్లనే లేత్ మీద పట్టి, ముందు 2 మి.మీ. వేయించి చూశాం: 49 సెకన్లు. లెక్క సరిపోయిందని నమ్మకం కుదిరాక 2.5 చేశాం: 32. ఒకేసారి పెద్దది చేస్తే వెనక్కి తగ్గించలేం కాబట్టి రెండు విడతల్లో వెళ్లడం. బిళ్ల కూర్చునే అంచుకు గీత పడకుండా చూసుకున్నాను. రంధ్రం అంచుల్లో పొర తీసి, డీజిల్‌తో కడిగి, గాలి పట్టి, తెల్లగుడ్డతో తుడిచి చూశాకే బిగించాను. ఒక్క ఇనుప రజను మిగిలినా అది లిఫ్టుకు, పంపుకు, గేర్లకు చేరుతుంది, ఆయిల్ ఒకటే కదా.

అడాప్టర్లు రెండూ తీసేసి, వాల్వ్‌ను నేరుగా జాకీ మూతికే బిగించాను. ముక్క హోస్ మీద వేలాడుతుంటే ఆ ముక్కే పగిలినప్పుడు వాల్వ్ ఉండీ లేనట్టే. వాల్వ్ మీది బాణం పక్కన జాకీ మీద కూడా పసుపు పెయింటుతో బాణం గీసి, '2.5' అని రాశాను. రేపు ఇంకెవరి చేతికి వెళ్లినా ఇదెందుకుందో తెలియాలి.

బ్రాకెట్ పగులును గ్రైండర్‌తో లోతుదాకా తీసి మళ్లీ వెల్డింగ్ చేయించాను. పాత వెల్డింగు మీదే కొత్తది పూస్తే పగులు లోపల అలాగే ఉండిపోతుంది.

డ్రైవర్‌తో మాట్లాడింది వేరే పని. తొట్టి పూర్తిగా కూర్చున్నాకే కదలాలి. మట్టి అతుక్కుంటే బండిని ముందుకూ వెనక్కీ కుదపకూడదు, ఎత్తిన తొట్టి ఊగితే ట్రాలీయే పక్కకు పడొచ్చు. లోడింగుకు ముందు తొట్టి అడుగున నాలుగు పారల పొడి మట్టి చల్లుకుంటే తడి మట్టి తేలికగా జారుతుందని చెప్పాను. కరెంటు తీగల పక్కన అన్‌లోడ్ చేయనని రైతుకు ముందే చెప్పమన్నాను. ఓనర్ ఎదుటే అన్నాను, రేపు ఆ కారణంగా ట్రిప్పు ఆలస్యమైతే పిల్లవాణ్ని ఎవరూ అనకూడదని.

టైం లెక్క కూడా చెప్పాలి. బండి నా దగ్గరికి వచ్చినప్పుడు ఎత్తడానికి 52, దించడానికి 8, కలిపి 60 సెకన్లు. ఇప్పుడు 24, 32, కలిపి 56. ట్రిప్పుకు మిగిలింది నాలుగు సెకన్లే. ఓనర్ ఈ లెక్క అడిగితే దాచలేదు. "బండి 170 కేజీలకు మించి నొక్కుకోకుండా పనిచేస్తోంది, హోస్ పగిలినా తొట్టి మెల్లగా దిగుతుంది, ఆయిల్ కాగదు. ట్రిప్పులు పెరగాలంటే పొక్లెయిన్ దగ్గర లోడింగు కోసం ఎంతసేపు ఆగుతున్నారో చూడు" అన్నాను. డ్రైవర్ లెక్క తీశాడు. ఒక్కో ట్రిప్పుకు లోడింగు వరుసలోనే ఐదారు నిమిషాలు పోతున్నాయి. జాకీ నిదానం కళ్లకు కనిపిస్తుంది కాబట్టి కోపమంతా దాని మీదికి పోయింది. రెండో రోజు నుంచి ఆ పనిలో ఉన్న రెండు ట్రాక్టర్లు ఒకేసారి కాకుండా పది నిమిషాల ఎడంతో బయల్దేరాయి.

ఇప్పుడు నా షాపుకు వచ్చే ప్రతి జాకీ బండికి నాలుగు టైములు తీసుకుంటాను: తక్కువ రేజ్‌లో ఎత్తుడు, ఎక్కువ రేజ్‌లో ఎత్తుడు, ఖాళీ దిగుడు, లోడుతో కొంచెం ఎత్తి ఆపి దిగుడు. డ్రైవర్‌ను తప్పకుండా పిలిపిస్తాను. ఏదైనా తిరగబడి కనిపిస్తే, తిప్పేముందు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో అడుగుతాను.

జూన్ మొదటి వారంలో, తొలకరికి ముందు, ఆ బండి మళ్లీ వచ్చింది. ఎత్తుడు 25, దిగుడు 32. గేజ్ లోడు మీద 125 దగ్గరే ఉంది. బ్రాకెట్ కింద టార్చి వేసి, మట్టి గీకి, వెల్డింగు పొడవునా చూశాను. పగులు మళ్లీ రాలేదు. పసుపు బాణం మీద బురద పడితే డ్రైవరే గుడ్డతో తుడిచాడు.